నమూనా ఫోటో

నిజం చెప్పేస్తున్నాను, అంతిమయాత్ర బండికి లోగో అనగానే నాకూ మొదట నవ్వే వచ్చింది. ఆ లోగో చేసిన డిజైనర్‌కి మాత్రం ఆ ఉదయం నవ్వు రాలేదు. సిగ్నల్ దగ్గర ఆ బండి వచ్చి సరిగ్గా ఆమె పక్కనే ఆగింది. లేత బూడిదరంగు, తెల్లటి ఫ్రేములాంటి లోగో, కింద పెద్ద పెద్ద అంకెల్లో ఫోన్ నంబరు. అన్నీ ఆమె గీసిచ్చినట్టే ఉన్నాయి. ఫ్రేములోంచి నవ్వుతున్నది మాత్రం వాళ్ళ నాన్న.

బతికున్న నాన్న. గుండె ఆపరేషనై నెల కూడా కాలేదు.

ఆమె నోరు తెరిచేలోపే గ్రీన్ సిగ్నల్ పడి బండి వెళ్ళిపోయింది. ఆమె అటునుంచి అటే ఆ బండి ఓనరు దగ్గరికి పరిగెత్తింది.

"సార్, అది డమ్మీ ఫోటో! ఫ్రేములో మొహం ఎలా ఉంటుందో మీకు చూపించడానికి పెట్టాను. ప్రింటుకి ముందు మార్చాలని మెయిల్లో రాశాను కదా!"

"మెయిళ్ళు ఎవరు చదువుతారమ్మా? బొమ్మ బాగుంది, వేయించేశాం." ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ పెద్దాయనకి చేసినట్టే మాకూ చెయ్యండి అని అప్పుడే ఇద్దరు అడిగారు. అలాంటి మొహం మళ్ళీ దొరుకుతుందా?"

"ఆయన మా నాన్న. బతికే ఉన్నారు."

"మంచిదేగా. ఉండనీ."

"ఇది చూస్తే ఉండరు సార్! చిన్న షాక్ కూడా తగలకూడదన్నారు డాక్టర్లు. బండిని వెనక్కి పిలవండి."

"ఊరంతా తిప్పమన్నాను, పబ్లిసిటీ కదా. డ్రైవింగ్‌లో ఉండగా మా డ్రైవరు ఫోనెత్తడు. పద్ధతైన మనిషి."

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. నానమ్మ ఎత్తింది.

"నానమ్మా, నాన్నేరి?"

"బాల్కనీలో. వచ్చే పోయే బళ్ళు చూస్తున్నాడు. ఇంకేం పనుంది మహారాజుకి?"

"లోపలికి పంపించి పడుకోబెట్టు. బయటికి తొంగిచూడనివ్వకు."

"నా మాట వింటాడా వాడు? నేనిటు తిరగ్గానే మళ్ళీ వచ్చి కూర్చుంటాడు."

"అయితే ఆ కుర్చీలో నువ్వే కూర్చో. నేనొచ్చేదాకా లేవకు."

"ఏమైందే? వాడికేమైనా..."

"వచ్చాక చెప్తాను. లేవకు, అంతే."

"సర్లేవే. వాణ్ణి కన్నది నేనా, నువ్వా?" నానమ్మ ఫోన్ పెట్టేసింది.

డిజైనర్ ఓనరు బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. నాన్నని తీసేసి ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయనని పెట్టింది.

"ఈయన నవ్వులో నమ్మకం లేదమ్మా."

ఇంకొకాయనని పెట్టింది.

"ఈయనకి ఇంకా పోవాలని లేనట్టుంది."

ఆమె చివరికి ఫోటో మొత్తం చెరిపేసింది. "మొహమే వద్దు సార్. ఖాళీ ఫ్రేము ఉంచుదాం. చూసినవాళ్ళు ఎవరిని తలుచుకోవాలో వాళ్ళని తలుచుకుంటారు."

ఓనరు ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. "ఒళ్ళు జలదరించింది తల్లీ. ఇదే ఖాయం. బండి రాగానే మార్పించేస్తాను."

ఆమె హమ్మయ్య అనుకుంది. అప్పుడు మోగింది ఓనరు ఫోన్.

"చెప్పండి... అయ్యో... ఎప్పుడు?" ఆయన గొంతు వెన్నలా మారిపోయింది. "ధైర్యంగా ఉండండి. బండి మీ వీధిలోనే ఉందా? మరీ మంచిది. అడ్రసు?" వింటూ ఒక్కో ముక్కా పైకి పలికాడు. వీధి ఆమెదే. అపార్ట్‌మెంటూ ఆమెదే. మూడో అంతస్తు అన్నాడు. మూడో అంతస్తులో ఉండేది వాళ్ళొక్కరే.

"చూశావా, నువ్వేసిన నంబరు ఎంత బాగా కనబడుతోందో!" అని ఓనరు ఇటు తిరిగేసరికి ఆమె లేదు.

ఆటోలో దారి పొడుగునా ఒకటే లెక్క. నానమ్మకి ఫోన్ ఎత్తడమే గానీ చెయ్యడం రాదు. అంటే కింది ఇంటివాళ్ళెవరో చేసుంటారు. అంటే ఇంట్లో చెయ్యాల్సిన మనిషి...

గేటు ముందు బండి ఆగి ఉంది. నాన్న నవ్వుతూనే ఉన్నాడు. ఆ వైపు చూడకుండా మూడు అంతస్తులూ ఎక్కింది. తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం నిండా పరాయివాళ్ళ చెప్పులు.

లోపలినుంచి నాన్న వచ్చాడు. నడుచుకుంటూ, తన కాళ్ళ మీద తనే.

"నాన్నా!" ఆయన్ని కరుచుకుని భోరుమంది. "నీకేం కాలేదు కదా? నువ్వు ఆ బండి చూడలేదు కదా?"

"చూశానే. లోపల పడుకుని ఉంటే కేక వినబడింది. లేచి వచ్చేసరికి కింద ట్రాఫిక్‌లో ఆగి ఉంది. నంబరు దాని మీదే ఉందిగా, నేనే చేశాను." ఆయన ఆమె తల నిమిరాడు. "నేనే ముందు చూసుంటే నవ్వుకునేవాణ్ణి తల్లీ. మీ నానమ్మ చూసింది."