కొత్త సైనికుడు

"తలుపు కాడ నిన్నే నిలబెట్టినా ఓబులేసూ! మిగతావాళ్లు ఓడెక్కేస్తారు," అన్నాడు రొయ్యల గుంటల యజమాని పెంచలకృష్ణ, ఫోన్‌లో పనివాళ్ల పేర్లు పెట్టిన సైనికులతో ఆటాడుతూ.

ఏదో గ్రహం మీద పురుగులు తన పేరున్న సైనికుణ్ణి చీల్చేస్తుంటే ఓబులేసు నవ్వాడు. పక్కనున్న పనివాడు టైటస్ కూడా నవ్వాడు.

షెడ్డు బయట వానలో, గుంట నీళ్లను చిలికే ఏరియేటర్లలో ఒకటి ఆగిపోయింది.

"దిగి చూడు ఓబులేసూ."

"కరెంటు ఆపేసి దిగేదా అన్నా?"

"ఆపితే అన్నీ ఆగిపోతాయి. రొయ్యకు గాలాడక మొత్తం పోతాది."

"సరేనన్నా."

ఓబులేసు ఇంకా నీళ్లలో కాలు పెట్టలేదు. పెంచలకృష్ణ చచ్చిన సైనికుడి చోటుకి ఇంకొకణ్ణి తెచ్చుకున్నాడు.

"కొత్తోడికి పేరడగతా ఉండాది. నీదే పెడతా టైటస్."

టైటస్ నవ్వు ఆగిపోయింది. మెయిన్ స్విచ్ అతని చేతికందేంత దూరంలోనే ఉంది.

"పెట్టుకో అన్నా," అన్నాడు.