దోచుకొచ్చిన చెంబు

అమెరికాలో మా ఊరు ట్రాయ్‌లో ఉండే రిటైరైన డాక్టర్ పద్మిని ఆంటీ నన్ను లంచ్‌కి పిలిచింది. వడ్డిస్తూనే, ఫ్రాన్స్ రివర్ క్రూజ్‌లో బోటు ఆగిన ప్రతి ఊళ్ళోనూ దిగి, పాత సామాన్ల సంతల్లో ఏరుకొచ్చిన గడియారాలూ కొవ్వొత్తి స్టాండ్లూ షోకేసులో చూపిస్తోంది.

వాటి మధ్య మన ఇత్తడి చెంబు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇది దోపిడీ సొత్తు ఆంటీ. తెల్లవాడు మన వంటింట్లోంచి ఎత్తుకుపోతే, మీరు కొనుక్కొచ్చి మురుస్తున్నారు. సిగ్గనిపించడం లేదా?”

“పప్పు చల్లారిపోతోంది, తిను.”

“తినను. దాన్ని సొంతవాళ్ళకి తిరిగిచ్చేదాకా ఈ ఇంట్లో ముద్ద ముట్టను.”

ఆంటీ లేచి చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. “అంచు మీద పేరుంది, చదువు.”

చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. భ్రమరాంబ. మా నాయనమ్మ.

“ఇది ఫ్రాన్స్‌ది కాదు. పోయిన ఆగస్టులో నువ్వు ఇండియా నుంచి ఇక్కడ దిగినప్పుడు, మీ అమ్మ నాకని నీ సూట్‌కేసులో పెట్టిన పొట్లంలోది. ‘ఏదో పాత సామాను ఆంటీ, అక్కర్లేకపోతే పారేయండి’ అని, విప్పి కూడా చూడకుండా ఇచ్చి పోయావు.”

గిన్నె నా ముందుకు జరిపింది.

“సొంతవాళ్ళకి ఇచ్చేశాను. ఇంక తిను.”