అవతలి పక్షం

"ఈ సంగతి వాళ్ళకెలా తెలిసింది?"

కోర్టు హాలు బయట వరండాలో ప్రెస్సు యజమాని తన లాయరుకి అడ్డంగా నిలబడి, పళ్ళు బిగించి అడిగాడు. లోపల ఇప్పుడే పరువు పోయింది. వ్యాపారం చితికిపోయిందనీ, భార్యకి భరణం ఇచ్చే స్తోమత తన క్లయింటుకి లేదనీ లాయరు గొంతు గద్గదం చేసుకుని మరీ వాదించాడు. భార్య తరఫు లాయరమ్మ తాపీగా లేచింది. "మరి మొన్న కొన్న కలర్ ప్రింటింగ్ మెషీను ఫోర్‌మన్ పేరు మీద ఎందుకుందో కాస్త అడగండి" అంది. దాంతో జడ్జి, కేసు తేలేదాకా నెలనెలా భరణం, దాంతోపాటు భార్య లాయరు ఫీజు కూడా భర్తే కట్టాలన్నారు.

"ఆ మెషీను సంగతి మీకు తెలుసు, ఫోర్‌మన్‌కి తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

"అంటే నేను అమ్ముడుపోయాననా?" లాయరు మొహం ఎర్రబడింది. "నమ్మకం లేకపోతే ఇంకొకర్ని పెట్టుకోండి. ముందు నా బాకీ తీర్చి."

పాతికేళ్ళు దాటిన కాపురం వాళ్ళది. పెళ్ళైన కొత్తలో ప్రెస్సంటే ఒక ఇరుకు గది, మొరాయించే పాత మెషీను. ప్రూఫులు దిద్దడం, కాగితాలు మడవడం, పుస్తకాలు కుట్టడం అన్నీ భార్యే. ప్రెస్సు మేడలెక్కాక ఆయనకి ఆవిడ చేతుల జిగురు వాసన గిట్టకుండా పోయింది. విడాకులన్నాడు. పిల్లల్లేరు, పుట్టింటి వైపు పలకరించే దిక్కు లేదు. కట్టుబట్టలతో వెళ్ళి అద్దె గదిలో దిగిన మనిషి, పెట్టమన్నచోట సంతకం పెడుతుందనుకున్నాడు. ఆవిడ ఊళ్ళోకెల్లా పేరున్న లాయరమ్మని వెంటబెట్టుకుని వచ్చింది.

ఇకమీదట ఫీజు తను కడతాడు, సరే. ఇన్నాళ్ళూ ఎవరు కట్టారు?

"ఎవడో ఉన్నాడమ్మా దాని వెనక," అన్నాడు అన్నం దగ్గర కూర్చుని.

"ఎవరో ఉండే ఉంటార్లే," అంది తల్లి వడ్డిస్తూ. "ఎవరూ లేకుండా ఒంటరి ఆడది లాయర్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?"

ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయనకి తల్లీ తండ్రీ ఆవిడే. పరాయి ఇళ్ళలో వంట చేసి పెంచింది. పగలంతా నీడని కూడా నమ్మని మనిషి, ఆవిడ చేతి ముద్ద నోట్లో పడితే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేసేవాడు. ఆ పూటా అంతే. ప్రెస్సులో బొమ్మలు వేసే అమ్మాయి గురించి చెప్పాడు. ఆ అమ్మాయి పేరు మీద కొన్న ఇంటి గురించీ చెప్పాడు.

"ఆ ఒక్కటీ మాత్రం లాయరుకి కూడా చెప్పలేదమ్మా."

"మంచి పని చేశావు," అంది తల్లి. "ఎవర్నీ నమ్మకు."

మర్నాడు ఆయన వల పన్నాడు. ఊరి చివర స్థలం కొన్నానని లాయరు చెవిలో వేశాడు. బంధువుల ఇంట్లో బంగారం దాచానని ఫోర్‌మన్ చెవిలో వేశాడు. రెండూ పచ్చి అబద్ధాలే. ఏది కోర్టులో వినబడితే ఆ మనిషే దొంగ.

"ఇవన్నీ నాకెందుకు చెప్తారు బాబూ?" ఫోర్‌మన్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నాకు పని నేర్పింది అమ్మగారు. రేపు ఆవిడ మొహం ఎలా చూడను?"

ఆ మాటతో యజమాని అనుమానం రెట్టింపయింది. అక్కడితో ఆగక, సాయంత్రాలు భార్య అద్దె గదికి ఎదురుగా కారులో కాపు కాశాడు. ఒక్క మగపురుగైనా ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. ఆవిడ తలుపు దగ్గర కూర్చుని ఎవరివో పుస్తకాలు కుట్టుకుంటూ కనిపించేది.

వాయిదా రోజు వచ్చింది. ఫోర్‌మన్‌ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు, మొహంలో రంగులు మారడం కళ్ళారా చూద్దామని. లాయరమ్మ లేచింది. స్థలం మాట ఎత్తలేదు. బంగారం ఊసే లేదు.

"రెండో పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి ఈయన కొనిచ్చిన ఇల్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి," అంది.

ఆయన లాయరు గిర్రున వెనక్కి తిరిగాడు. "ఏ ఇల్లు?"

ఫోర్‌మన్ నోరు వెళ్ళబెట్టాడు.

యజమాని ఒక్క ఉదుటున హాల్లోంచి బయటపడ్డాడు. ఇంటికెలా వచ్చాడో ఆయనకే తెలీదు. తల్లి పొయ్యి దగ్గర ఉంది.

"నువ్వేనా?"

"నేనే." ఆవిడ తిరిగి చూడలేదు.

"మెషీను సంగతి?"

"నేనే."

"ఫీజు?"

"నువ్వు నా చేతి ఖర్చుకిచ్చే డబ్బుతోనే కట్టానురా."

ఆయన గోడకి చేరగిలబడ్డాడు. "కడుపున పుట్టినవాణ్ణి ముంచి, దాని పక్కన చేరతావా అమ్మా?"

"నువ్వు ముద్ద మింగుతూ ఒక్కో మాట చెప్తుంటే, నాకు ముద్ద దిగలేదురా. వీధిలోకి గెంటేస్తే, లాయరుకివ్వడానికి చేతిలో పైసా లేక, కోర్టు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేసిన ఆడది ఎలా బతుకుతుందో నాకు తెలుసు."

"నీకేం తెలుసు?" అరిచాడు. "నాన్న పోయాక నువ్వు పడ్డ కష్టం వేరు, ఇది వేరు! దేవుడు చేసినదానికీ దీనికీ పోలికేంటి?"

తల్లి పొయ్యి కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని కొడుకు కళ్ళలోకి చూసింది.

"పోయాడన్నానుగానీ, చచ్చిపోయాడని ఎప్పుడైనా చెప్పానా?"