కలవని పన్ను

"పన్ను కలవకూడదు డాక్టరుగారూ. పక్క పళ్లకంటే తెల్లగా ఉండాలి. వీధి చివరి నుంచి చూసినా తెలిసిపోవాలి."

పళ్ల డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. "ఈ ఊరికేం పుట్టిందయ్యా! పంటికి క్యాప్ పెట్టించుకున్నట్టు పెళ్లానికి కూడా తెలియకూడదంటారు ఎవరైనా. నువ్వేమిటి ఇలా?"

"మావాళ్లు నన్ను ఆ పంటితోనే గుర్తుపడతారండీ. పాతది ఊడిపోయింది."

కుర్చీలో ఉన్నవాడు జేబులోంచి ఫోటో తీశాడు. సగానికి కత్తిరించిన ఫోటో. అందులో ఒక కుర్రాడు నవ్వుతున్నాడు. దోసగింజల్లాంటి పలువరసలో ముందు పన్ను ఒకటి సున్నం వేసినట్టుంది. భుజం మీద ఎవరిదో చెయ్యి, మణికట్టు దాకా మిగిలింది.

ఆ కుర్రాడు వీడు కాదు. మిల్లులో వీడితో ఒకే గదిలో ఉండి, జ్వరంతో పోయినవాడు. బతికున్నన్నాళ్లూ మేనత్త గురించే చెప్పేవాడు. ఆమెకు మేడ ఉంది, తోట ఉంది, పిల్లల్లేరు. తను ఎప్పుడో అలిగి వచ్చేశాడు, మళ్లీ ముఖం చూపించలేదు.

వీడు అన్నీ విన్నాడు. ఇద్దరిదీ ఎత్తూ రంగూ ఒకటే. తేడా ఆ పన్నొక్కటే. గట్టి పన్నును సుత్తితో తనే విరగ్గొట్టుకుని, మిల్లు పని మానేసి, మేనత్త ఉండే ఈ ఊళ్లో దిగాడు. మేడ దక్కకపోతే పన్నూ పోయినట్టే, పనీ పోయినట్టే.

డాక్టరు వాడిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"దీపం కింద రంగు తెలీదు. నోరు మూసి పళ్లు తడుపుకో. ఆరిన పన్ను లేని తెలుపు చూపిస్తుంది."

పట్టీకి గుచ్చిన నమూనా పళ్లను ఒక్కొక్కటే పెదవి దగ్గర పెట్టి చూశాడు. అలవాటు కొద్దీ కలిసే పన్ను మీదికి వేళ్లు పోయాయి. వేడిగిన్నె తగిలినట్టు వెనక్కి తీసుకుని, అన్నిటికన్నా తెల్లని పింగాణీ ఎంచాడు.

"నేను చేశానని మాత్రం ఎవరితోనూ అనకు. పరువు పోతుంది."

"నేనెందుకంటానండీ!" వాడు ఈ మాట ఒక్కటే మనస్ఫూర్తిగా అన్నాడు.

మేనత్త జబ్బుచేసి ఏదో ఊళ్లో వైద్యం చేయించుకుని నిరుడే తిరిగొచ్చిందట. మనిషి సగమైపోయిందని, చూసి పోల్చుకోలేకపోయామని పక్కింటావిడ చెప్పింది. మంచిదే అనుకున్నాడు. గుమ్మంలో నిలబడి ముందు పన్ను చూపించి, తర్వాత నవ్వాడు.

"అత్తయ్యా! నేనే."

ఆవిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కాసేపు ఆ పన్నునే చూసింది. తర్వాత "వచ్చావా నాయనా!" అంటూ కావలించుకుంది. ఏడుస్తూనే నవ్వింది. బూడిదరంగు కోరపన్ను కనిపించింది. తను కత్తిరించి పారేసిన సగం ఫోటోలో ఉన్నదీ అదే కోరపన్ను. వాడి గుండె కుదుటపడింది.

బట్టీపట్టిందంతా వృథా అయింది. ఆవిడ ఒక్కటీ అడగలేదు. వాడే ఉండబట్టలేక, "జామచెట్టు మీంచి పడ్డాను, గుర్తుందా?" అన్నాడు.

"ఎందుకు గుర్తులేదురా! అదిగో, ఆ చెట్టేగా" అని బాదంచెట్టు చూపించింది.

ముసలిదానికి మతి పోయింది, మన పంట పండింది అనుకున్నాడు.

ఎవరైనా ఇంటికొస్తే మాత్రం, "అత్తయ్యా అని గట్టిగా పిలవరా, నాకు చెముడు" అనేది. వంటింట్లో పిల్లి పాలగిన్నె ముట్టినా హాల్లోంచి అదిలించేది ఆవిడే.

మేడ మాట ఎత్తితే, "నీకు కాక ఎవరికిరా! సంతకం పెడదామంటే చెయ్యి వణుకుతోంది. తగ్గనీ" అనేది. ఆ చేత్తోనే చీకటిపడే వేళ సూదిలో దారం ఎక్కించేది. వాడు చూశాడు. ముసలాళ్ల చాదస్తం అనుకున్నాడు. రేపోమాపో పెట్టకపోతుందా అని కాళ్లు కూడా పట్టాడు.

ఒకరోజు మొక్కజొన్న పొత్తు కొరికితే క్యాప్ ఊడి చేతిలోకొచ్చింది. మళ్లీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"కంగారుపడకు. నీ ఫోటో నా దగ్గరే ఉంది. కలవని పళ్లు చేయించుకున్నది మీరిద్దరే. ఎవరూ చూడకుండా దాచాను" అంటూ డాక్టరు సొరుగు లాగి, రెండు ఫోటోలు బల్ల మీద వేశాడు.

రెండూ సగం సగం కత్తిరించినవే. రెండో దాంట్లో ఒకావిడ నవ్వుతోంది, బూడిదరంగు కోరపన్నుతో. చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. డాక్టరు ఊరికే రెండిటినీ దగ్గరికి జరిపాడు. కత్తిరింపు కాస్త అటూ ఇటూ అయినా, ఆ చెయ్యి వచ్చి కుర్రాడి భుజాన కూర్చుంది.

"ఓరి! ఇవి ఒకే ఫోటోకి రెండు కాపీలా! ఈవిడ నీకేమవుతుంది?"

"మా... అత్తయ్య." వాడి నోట్లో తడి ఆరిపోయింది.

"అలాగా! నిరుడొచ్చింది పాపం. నీలాగే అప్పుడే విరిగిన పచ్చి పన్ను. 'మావాళ్లు నన్ను ఆ పంటితోనే గుర్తుపడతారండీ, పాతది ఊడిపోయింది' అంది."