మెరుగు ముద్ద

డబ్బా మీద సింహం బొమ్మ ఉంది. మెడల్ బొమ్మ ఉంది. బొంబాయి చిరునామా ఉంది. లోపల ఏం కలిపారన్నది మాత్రం లేదు. ఆ పొడితో దేవుడి గిన్నెలు తోమితే నాగేశ్వరమ్మ అరచేతులు పొక్కిపోయాయి. గిన్నెల మీద చింతపండుకు కూడా లొంగని నల్ల మచ్చలు పడ్డాయి.

"దీంట్లో ఏముందయ్యా?" అని సంతలో అమ్మినవాణ్ణి నిలదీసింది.

"మెరుపున్నది దొరసానీ!" అన్నాడు వాడు.

నాగేశ్వరమ్మ భర్త బస్తర్ సంస్థానంలో జంగిల్ గుమాస్తా. గోదావరి దాటి భోపాలపట్నం వచ్చి ఏడాదైంది. రేపు అత్తగారు దిగుతోంది. కోడలు అడవిలో పడి మడీ ఆచారం మంటగలిపిందేమో చూడ్డానికే ఆవిడ రాక. కొవ్వు కలుపుతారని తెలిసిన్నాటి నుంచి సబ్బు ముట్టని మనిషి.

గిన్నెలు తోమే కోయ పనిమనిషి లక్కే ఆకుదొన్నెలో ఏదో ముద్ద తెచ్చింది. రుద్దితే గిన్నె బంగారమైంది.

ఈసారి నాగేశ్వరమ్మ మోసపోదలచుకోలేదు.

"ఏమే, ఇందులో కొవ్వుందా?"

"లేదమ్మా."

"ఎముకల పొడి?"

"బొక్కలెక్కడియమ్మా వాటికి!"

"ఎక్కడిదీ సరుకు?"

"మీ పెరట్ల మామిడిచెట్టు మీదిదే. ఆకులల్లకెల్లి తీసి, ఇంత ఉప్పేసి నూరిన."

"మరి నీ చేతులకా దద్దుర్లేంటి?"

"గిన్నెలు తోమితే రాలేదమ్మా. చెట్టెక్కితే వచ్చినయ్."

"ఒంటికి మంచిదేనా?"

"ఏందమ్మా గట్లంటవు? జొరమొస్తే మేం తినేది ఇదే." లక్కే వేలితో ఇంత తీసి చప్పరించింది.

నాగేశ్వరమ్మ కూడా నాలుకకు రాసుకుంది. ఒక కన్ను మూతబడింది. ఏం పులుపు! మిగిలిన ముద్దకు ఇంగువ తాలింపు పెట్టి జాడీకెత్తింది. దేంట్లో ఏముందని ఊరందరినీ అడిగే మనిషి, పచ్చడి నూరిన చెయ్యి ఎవరిదో మాత్రం అత్తగారికి చెప్పదలచుకోలేదు.

అత్తగారు వచ్చింది. గిన్నెలు ఒక్కొక్కటే ఎత్తి, వాటిలో తన ముక్కుపుడక చూసుకుంది. వంక దొరకలేదు. విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్దకే ఆగిపోయింది.

"ఇదేం పచ్చడే?"

"మామిడాకుదండీ."

"ఇంకాస్త వెయ్యి."

అలా మూడుసార్లు వేయించుకుంది. చెయ్యి కడుక్కుంటూనే, "మా ఊళ్లో ఇన్ని మామిడిచెట్లుండీ ఏం లాభం! లేతాకా, ముదురాకా? కోసే పద్ధతేమిటో నా కళ్లారా చూడాలి," అని కూర్చుంది.

నాగేశ్వరమ్మ ధీమాగా లక్కేను పిలిచింది. "పెద్దమ్మగారికి చూపించవే."

లక్కే సంబరంగా చెట్టెక్కింది. ఆకులు ముడుచుకుని ఉండలా ఉన్న కొమ్మను విరిచి, దిగొచ్చి, అత్తగారి ముందు గంపలో ఒక్క దులుపు దులిపేసరికి, జలజలా రాలి ఎర్రచీమలు గంపంతా పాకాయి.