కొయ్య తాబేలు ముందు, కుందేలు వెనక

చందమామలో కనిపించే కుందేలు పెద్దమ్మను చూసొస్తానని పింజమ్మ అనే కుందేలు పట్టుబట్టింది. ముందుగా కొయ్యతో ఒక మాట్లాడే తాబేలును చేసి పైకి పంపింది. అది దిగీ దిగగానే బూడిదలో కూరుకుపోయింది.

“కుందేలెక్కడ, చందమామెక్కడ! నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం!” అని నక్క పడీ పడీ నవ్వింది.

పింజమ్మ మాత్రం చెవులు రిక్కించింది. “అమ్మాయీ, ఇక్కడ నేల మెత్తన. వెడల్పు పాదాలు కట్టుకుని రా,” అని పైనుంచి చెప్పి తాబేలు మూగబోయింది.

పింజమ్మ తామరాకులంత పాదాలు కట్టుకుని ఎగిరింది. చందమామ మీద నిలబడింది! కేకలతో అడవి దద్దరిల్లింది. నక్క కూడా ఆనందంతో ఊళ వేసింది.

అక్కడ పెద్దమ్మ లేదు, నల్లరాళ్లే ఉన్నాయి. పింజమ్మ కోసం ఎదురుచూస్తున్నది తాబేలొక్కటే. పింజమ్మ దాని వీపు మీది బూడిద తుడిచింది.

“తాబేలు ముందు చేరిందంటే మా వంశమంతా తలదించుకునేది. ఇవాళ నేను తలెత్తుకుని చెబుతాను. నువ్వే ముందొచ్చావు!”