ఎర్రబొమ్మ

"మళ్ళీ ఆగిపోయింది!" గిస్లెన్ కేక పెట్టింది.

రేయాల్ స్టీరింగ్ మీంచి ఓ చెయ్యి తీసి గాలి వచ్చే సందు దగ్గర పెట్టాడు. చల్లగా తగిలింది. ఆ కరెంటు కారు తెర మీద ఇందాకటిదాకా ఎర్రగా వెలిగిన హీటరు బొమ్మ బూడిదరంగుకి తిరిగింది. వేలితో నొక్కాడు. బొమ్మ ఎర్రబడి వెచ్చగాలి మొదలైంది.

"వచ్చిందిగా."

"వస్తుంది, పోతుంది. విన్నిపెగ్ దాటేదాకా బాగానే ఉంది. ఇప్పుడేమొచ్చింది దీనికి?"

బయట మైనస్ ముప్పై. పొలాల మీది గాలి మంచుని రోడ్డుకి అడ్డంగా ఊడ్చుకుపోతోంది. పదింటికల్లా చర్చిలో ఉండాల్సినవాళ్ళు, పెద్దరోడ్డు మూసెయ్యడంతో చుట్టుదారిన పడ్డారు. పది ఎప్పుడో దాటింది. వెనక సీట్లు మడిచి పేర్చిన బకెట్లలో తెల్లగులాబీలు వణుకుతున్నాయి. వాళ్ళ పూలకొట్టుకి వచ్చిన మొదటి పెళ్ళి ఆర్డరు. చలి తగిలిందంటే గులాబీ రేకు నల్లబడుతుంది, ఇక ఏం చేసినా తెల్లబడదు. పెళ్ళికూతురి తల్లి ఒక్క మాట అంటే చాలు, కొట్టున్న సెయింట్ బోనిఫేస్ పేటలో ఫ్రెంచివాళ్ళెవరూ మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కరు.

"చలి ముదరకముందే షెడ్డులో చూపించమన్నానా?"

"మర్చిపోయాను."

"నువ్వేం మర్చిపోవు కనక? మొన్న కొట్టు ముందు హీటరు ఆపకుండా దిగిపోయావు. సాయంత్రానికి చార్జింగంతా హుష్‌కాకి! నీతో లాభం లేదనే ఇవాళ్టినుంచి వేరే ఏర్పాటు చేశాలే."

"ఏం ఏర్పా..."

"చూడు, చూడు! మళ్ళీ పోయింది!"

రేయాల్ కారు పక్కకి ఆపి, మెకానిక్కు వార్కెంటిన్‌కి ఫోన్ చేశాడు.

"ముందున్న జాలీ మంచుతో పూడుకుపోయిందేమో చూడు. కారు మొత్తం ఆపేసి మళ్ళీ స్టార్ట్ చెయ్," అన్నాడు వార్కెంటిన్.

"అప్పటికీ ఆగితే?"

"చలికి బ్యాటరీ బిగుసుకుపోతే వేడంతా ముందు అదే లాక్కుంటుందయ్యా. దాని తర్వాతే మీరు."

"కారుక్కూడా స్వార్థమే," అని గొణిగింది గిస్లెన్.

రేయాల్ దిగి, గాలికి వంగిపోతూ జాలీ మీది మంచు గీకాడు. మీసాలు తెల్లగా గడ్డకట్టించుకుని వచ్చి కారు ఆపి, స్టార్ట్ చేశాడు. వెచ్చగాలి! ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

ఆ నవ్వు చెదరకముందే హీటరు మళ్ళీ ఆగింది.

అంతలో గిస్లెన్ ఫోన్ మోగింది. అత్తగారు ఆల్ఫొన్సీన్.

"ఇప్పుడు కాదత్తయ్యా," అని తెర మీద పేరుకే చెప్పి కట్ చేసింది.

అక్కణ్ణుంచి రేయాల్ ఓ చేత్తో కారు నడుపుతూ, ఇంకో చేత్తో బొమ్మ నొక్కుతూనే ఉన్నాడు. గిస్లెన్ వెనక్కి పాకి, తన కోటు విప్పి గులాబీల మీద కప్పింది.

"నీది కూడా విప్పు."

"నేను చచ్చిపోతానే!"

"నువ్వు నల్లబడినా ఎవరూ అడగరు. పూలు నల్లబడితే అడుగుతారు."

రేయాల్ కోటు విప్పిచ్చాడు. అత్తగారి ఫోన్ మళ్ళీ మోగింది. గిస్లెన్ మళ్ళీ కట్ చేసింది.

చర్చి చేరేసరికి రేయాల్ పెదాలు నీలంగా ఉన్నాయి. బకెట్లు ఒక్కొక్కటే లోపలికి మోశారు. తలుపు పక్కనున్న ఒక్క బకెట్‌లో పూలు అంచులు కమిలాయి. మిగతావి బతికాయి. గిస్లెన్ కమిలిన రేకులు తుంపుతూ మొగుడి మీద విరుచుకుపడింది.

"ఈ కారైనా వదిలించుకో, నన్నైనా వదిలించుకో! హీటరు పాడైతే చూపించుకోవడం కూడా తెలీని మనిషితో..."

ఫోన్ మళ్ళీ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కింది.

"ఏమ్మాయ్, చర్చిలోకి వెళ్తే ఫోనే ఎత్తరా?" అంది ఆల్ఫొన్సీన్, దమ్ము తీసుకోకుండా. "పదింటికల్లా చేరతామన్నావు కదాని, పది కొట్టినప్పట్నించీ నువ్విచ్చిన, కారు యాపున్న వాడి పాతఫోను ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. ఎర్రబొమ్మ వెలిగితే నొక్కెయ్యమన్నావుగా, వెలిగినప్పుడల్లా నొక్కేస్తూనే ఉన్నా. పూలు దించడానికి కారెక్కిన ప్రతిసారీ హీటరు వేసి వదిలేస్తున్నాడేమిటే వీడు? నువ్వన్నది నిజమేనమ్మాయ్, నా కొడుక్కి ఇంత మతిమరుపని నాకిన్నాళ్ళూ తెలీదు!"